క్లీనర్ సీటు ఖాళీ అయ్యాక

2019 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక ప్రకటన చేసింది. దేశంలో సరుకు రవాణాకు దాదాపు 22 లక్షల మంది డ్రైవర్లు తక్కువగా ఉన్నారని, అందుకని రవాణా వాహనం నడిపేవాళ్లు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఎత్తేస్తున్నామని అందులో చెప్పింది. ఆ నిబంధన సడలించమని అడిగింది హర్యానా ప్రభుత్వం. ఢిల్లీకి దక్షిణాన ఉన్న మేవాత్ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని అడిగింది. ఇప్పటి నూహ్ జిల్లా అదే. అక్కడ బడి మొహం చూడకపోయినా లారీ నడపడం తండ్రి నుంచో మేనమామ నుంచో నేర్చుకున్నవాళ్లు ఊరూరా ఉంటారు. చదువు లేదన్న కారణంగా వాళ్లకు లైసెన్సు ఇవ్వకపోవడం అన్యాయమన్న వాదనలో బలముంది. అదే ఏడాది సెప్టెంబరులో నిబంధన పోయింది.

తలుపు అలా తెరిచారు. అయితే లోపలికి వచ్చిన కుర్రాడికి కూర్చోడానికి సీటు దొరుకుతోందా? ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, గాజియాబాద్‌లలో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గడప తొక్కినా కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్నవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నేళ్ల అనుభవం? ముప్ఫై, నలభై లక్షల బండిని, అంతకంటే ఖరీదైన సరుకుని అప్పగించే యజమాని అలా అడగడంలో తప్పు లేదు. కానీ అందరూ అనుభవం ఉన్నవాణ్నే అడిగితే అనుభవం ఎక్కడ దొరుకుతుంది? డ్రైవర్ల కొరత నిజం, కొత్త డ్రైవరుకు పని దొరక్కపోవడమూ నిజం. ఈ రెండూ ఒకే వీధిలో పక్కపక్కన ఎలా ఉన్నాయన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. నా అభిప్రాయం ముందే చెప్తాను. లైసెన్సు చేతికొచ్చిన రోజుకీ, లోడు లారీ ఒంటరిగా నడపగలిగే రోజుకీ మధ్య కనీసం ఒక ఏడాది నేర్చుకునే కాలం ఉంది. ఒకప్పుడు ఆ ఏడాది భారాన్ని క్లీనర్ సీటు మోసేది. ఆ సీటుని తీసేశారు. దాని స్థానంలో ప్రభుత్వం గానీ కంపెనీలు గానీ మరొకటి పెట్టలేదు.

క్లీనర్ సీటు అనే ఆ పాత బడి ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. ఉత్తర ఢిల్లీలో కర్నాల్ వైపు పోయే జీటీ రోడ్డు పక్కన, ఆజాద్‌పూర్ మండీకి దగ్గరలో సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ ఉంది. బుకింగ్ ఆఫీసులు, బ్రోకర్లు, టైర్ల కొట్లు, బాడీ కట్టే షెడ్లు, కమాను పట్టీల మెకానిక్కులు, టీ బడ్డీలు అన్నీ ఒకచోటే. మనకి విజయవాడ ఆటోనగర్ ఎలాగో ఉత్తరాదికి ఇది అలాగ. ఇక్కడికి పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు ఊరివాడి వెంట వచ్చేవాడు. ఉత్తరాదిలో వాణ్ని ఖలాసీ అంటారు, మన దగ్గర క్లీనర్. డ్రైవరు వాడికి ఉస్తాదు. టైరు మీద రాడ్డుతో కొట్టి చప్పుడు విని గాలి ఎంతుందో చెప్పడం, జంట టైర్ల సందులో ఇరుక్కున్న రాయి తీయడం, పట్టా కప్పి తాడు బిగించడం వాడి మొదటి పాఠాలు. రివర్స్ చేసేటప్పుడు వెనక నిలబడి బాడీ మీద చరుస్తూ దారి చెప్పడంతో బండి పొడవు ఎంతో, తోక ఎటు తిరుగుతుందో వాడికి ఒంటబట్టేది. ఇనుప కాయిల్ వేసుకున్న బండి బ్రేకు వేసినప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో, పత్తి బేళ్లు ఎత్తుగా వేసుకున్న బండి మలుపులో ఎలా ఊగుతుందో పక్క సీట్లో కూర్చుని నడుముతో తెలుసుకునేవాడు. రెండు మూడేళ్లయ్యాక ఓ రాత్రి ఖాళీ బండి, తిన్నని రోడ్డు చూసి ఉస్తాదు స్టీరింగ్ ఇచ్చేవాడు.

ఈ బడిని పొగడటం నా ఉద్దేశం కాదు. చట్టం ప్రకారం ఆ రాత్రి ఇచ్చిన స్టీరింగ్ నేరం. జీతం పేరుకే ఉండేది, దెబ్బలు తినడం మామూలు, బాల్యం రోడ్డు మీదే అయిపోయేది. దుర్వ్యసనాలూ ఉస్తాదు దగ్గరే అబ్బేవి. పోవాల్సినవి అందులో చాలా ఉన్నాయి. అయినా అది బడి. లోడు బరువు, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కన్నా గేరును నమ్ముకోవడం, ఏ చోట ఆగాలి, ఏ చోట ఆగకూడదు అన్నవి ఒకడి నుంచి ఒకడికి దిగుతూ వచ్చాయి. ఏ చోట ఆగకూడదు అన్న పాఠం ఎంత ముఖ్యమో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2008లో ఒంగోలు ప్రాంతంలో అధికారుల వేషంలో లారీలు ఆపి డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి, ఇనుమూ బండీ అమ్ముకున్న ముఠా కేసులో 2021 మేలో ఒంగోలు కోర్టు పన్నెండు మందికి ఉరిశిక్ష వేసింది.

మన వైపు నుంచి ఢిల్లీ దాకా వచ్చే బళ్లలో ఆ బడి ఛాయ ఇంకా కొంత మిగిలి ఉంది. వేసవిలో నున్న మార్కెట్ నుంచి మామిడి, గూడూరు నుంచి నిమ్మ ఆజాద్‌పూర్ మండీకి వస్తాయి. నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా రావాలి. హైదరాబాద్ నుంచే లెక్కేసినా పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుంది. పండు ఆగదు కాబట్టి ఇలాంటి లోడ్లకి ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకునేలా ఇద్దరిని పంపుతారు. ఆ రెండో మనిషి చాలాసార్లు కొత్తవాడే. సరుకు దింపాక తిరుగు లోడు దొరికే వరకు ట్రాన్స్‌పోర్ట్ నగర్ చుట్టూ పడిగాపులు కాస్తాడు. హిందీ, బ్రోకరు బేరం, బిల్టీ (సరుకు రసీదు) చదవడం, ధర్మకాంటా చీటీ భద్రపరచడం అక్కడే నేర్చుకుంటాడు. ధర్మకాంటా అంటే మన కాటా. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు వేశారు. పండ్లు రైలెక్కితే రైతుకు మంచిదే. లారీలో ఆ రెండో సీటు మాత్రం ఇంకొంత తగ్గుతుంది.

మామూలు లోడ్లలో అది ఎప్పుడో తగ్గింది. కిరాయిలు గిట్టుబాటు కానప్పుడు యజమాని ముందు కోసేది క్లీనర్ జీతాన్నే. కొత్త బళ్లలో పవర్ స్టీరింగ్, ట్యూబ్ లేని టైర్లు, కెమెరా వచ్చాయి, రెండో మనిషి ఎందుకన్న వాదన బలపడింది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న పాత నిబంధనను 2018లో కేంద్రమే తీసేసింది. నిజానికి ఆ నిబంధనను అంతకుముందూ ఎవరూ గట్టిగా పాటించలేదు. అయినా కాగితం మీద ఉన్నంతకాలం రెండో సీటుకి ఒక హక్కు ఉండేది. మరుసటి ఏడాదే అదే శాఖ 22 లక్షల కొరత గురించి చెప్పింది. ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు శాఖలో ఎవరైనా ఉన్నారా అనిపిస్తుంది నాకు.

ఇక చట్టం కట్టిన నిచ్చెన సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. ముందు తేలికపాటి వాహనం (ఎల్‌ఎంవీ) లైసెన్సు తీసుకుని ఏడాది గడపాలి, ఆ తర్వాతే హెవీకి లెర్నర్స్. గుర్తింపున్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్, వైద్య ధ్రువపత్రం, ఆపైన పరీక్ష. 2019 సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గ్యాసు, పెట్రోలు, రసాయనాల ట్యాంకర్లకు వేరే శిక్షణ, వేరే ఎండార్స్‌మెంటు కావాలి. చదువు షరతు తీసేసినా ఈ కోవకి చెందిన బళ్లకు ప్రమాద సూచికలు చదవడం రావాలి, ఆ పట్టు వదలకూడదు.

ఈ నిచ్చెనలో చాలామంది గమనించని ఒక మెట్టు ఉంది. 7,500 కిలోల లోపు స్థూల బరువున్న సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే సరైనదని తేల్చింది. అంటే టాటా ఏస్ లాంటి చిన్న బండితో, పికప్ వ్యానుతో మొదలుపెట్టిన కుర్రాడి లైసెన్సు మీద బీమా వాళ్లు పేచీ పెట్టే వీలు పోయింది. నా మటుకు కొత్తవాడికి ఇదే సరైన మొదటి ఏడాది. ఊళ్లో రోడ్లు, గోడౌను గేట్లు, సరుకు లెక్క అప్పజెప్పడం, రసీదు మీద సంతకం తీసుకోవడం, రాత్రి ఇల్లు చేరడం అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ పెద్ద బండి కంపెనీకి వెళ్తే ఈ ఏడాదిని అనుభవంగా లెక్కేసేవాళ్లు తక్కువ.

శిక్షణ విషయానికొస్తే, 2021 జూలై నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నియమాలు అమల్లోకి వచ్చాయి. సిమ్యులేటరు, టెస్ట్ ట్రాక్ ఉన్న కేంద్రంలో నేర్చుకుని పాసైతే ఆర్టీఏ ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. భారీ వాహనాలకు అక్కడి కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఢిల్లీలో బురారీ, లోనీ రోడ్, సరాయ్ కాలే ఖాన్‌లలో, హర్యానాలో రోహ్‌తక్, బహదూర్‌గఢ్‌లలో ప్రభుత్వాలూ వాహన తయారీ కంపెనీలూ కలిసి నడిపే సంస్థలున్నాయి. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో అలాంటిదే ఒకటి ఉంది. వీటిలో నేర్పేది బాగానే నేర్పుతారు. తక్కువపడేది కాలం. యూరప్‌లో కొత్త లారీ డ్రైవరుకు వృత్తి అర్హత కోసం మామూలు కోర్సు 280 గంటలు, కుదించినదైనా 140 గంటలు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి 35 గంటలు కూర్చోవాలి. అమెరికాలో 2022 ఫిబ్రవరి నుంచి గుర్తింపున్న శిక్షణ లేకుండా హెవీ లైసెన్సు పరీక్షకే రానివ్వరు, పైగా అక్కడి పెద్ద కంపెనీల్లో కొత్తవాడు మొదటి వారాలు శిక్షకుడి పక్కన కూర్చునే లోడు తోలతాడు. మన 38 గంటల్లో బండి ఖాళీగానే ఉంటుంది. పాతిక టన్నులు వెనకేసుకుని, జనవరి తెల్లవారుజామున పానిపట్ దగ్గర పొగమంచులో, ముందు బండి టెయిల్ లైటు పదడుగుల్లో కూడా కనిపించని చోట ఏం చేయాలో ట్రాక్ నేర్పదు. రాత్రి డ్రైవింగూ నేర్పదు.

ఢిల్లీ పరిసరాల్లో రాత్రే అసలు పని వేళ. నగరంలో చాలా రోడ్ల మీద పగటి పూట పెద్ద లారీలకు ప్రవేశం లేదు. అందుకే చీకటి పడేసరికి సరిహద్దుల దగ్గర బళ్లు బారులు తీరి ఉంటాయి. నగరం మీదుగా ఊరికే దాటిపోయే లారీలను బయటే తిప్పడానికి 2018లో రెండు రహదారులు పూర్తయ్యాయి. మేలో తూర్పు పెరిఫెరల్, నవంబరులో కుండ్లీ-మానేసర్-పల్వల్ మీదుగా పశ్చిమ పెరిఫెరల్, ఒక్కోటి దాదాపు 135 కిలోమీటర్లు. లోపలికి రావాలంటే సుప్రీంకోర్టు 2015లో విధించి, అదే ఏడాది రెట్టింపు చేసిన పర్యావరణ పరిహార రుసుము కట్టాలి. చలికాలంలో గాలి పాడైతే దశలవారీ ఆంక్షలు మొదలవుతాయి, నాలుగో దశకొస్తే నిత్యావసరాలు, సీఎన్‌జీ, బీఎస్-6 లాంటివి తప్ప లారీలు ఆగిపోతాయి. 2025 నవంబరు 1 నుంచి ఢిల్లీ రిజిస్ట్రేషను లేని పాత ప్రమాణాల సరుకు బళ్లకు అసలు ప్రవేశమే లేదు, బీఎస్-4 బళ్లకు 2026 అక్టోబరు 31 దాకా గడువిచ్చారు. పదేళ్లు దాటిన డీజిల్ బండికి ఇక్కడ చోటు లేదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. ఇన్ని ఆదేశాలు ఆఫీసులో కూర్చున్న మేనేజరుకే కంఠతా రావు. వాటిలో ఒకటి తప్పితే రోడ్డు మీద నిలబడేది డ్రైవరే. కొత్తవాడికి కంపెనీ మొదటి రోజు ఇవ్వాల్సింది యూనిఫారం కాదు, ఏ బండి ఏ సరిహద్దు నుంచి ఎప్పుడు దూరొచ్చో చెప్పే కాగితం.

కంపెనీ అన్నాం గానీ, ఢిల్లీ పరిసరాల్లో ఆ మాటకు అర్థాలు చాలా. గురుగ్రామ్‌లో ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, డెల్హివరీ లాంటి పెద్ద సంస్థల కార్యాలయాలున్నాయి. మానేసర్ దగ్గర కార్లు మోసే పొడవాటి ట్రైలర్లు, తుగ్లకాబాద్, దాద్రీ డిపోల దగ్గర కంటైనర్ బళ్లు, బిలాస్‌పూర్, తావడూ, ఫరూఖ్‌నగర్ చుట్టూ పుట్టుకొచ్చిన గోడౌన్ల నుంచి ఆన్‌లైన్ సరుకు తోలే మూసిన బళ్లు, ఇలా ఎవరి పని తీరు వారిది. అయితే బండి పక్కన రాసిన పేరు ఒకరిది, ఆర్‌సీ పుస్తకంలో పేరు ఇంకొకరిది కావడం సర్వసాధారణం. మన దేశంలో లారీల్లో అధిక భాగం ఐదు బళ్ల లోపు యజమానులవి, వాళ్లు పెద్ద కంపెనీకి అటాచ్ చేస్తారు. కొత్త డ్రైవరు పెద్ద కంపెనీలో చేరాననుకుంటాడు, చేరింది మాత్రం రెండు బళ్ల యజమాని దగ్గర. పీఎఫ్ ఇరవై మంది, ఈఎస్‌ఐ పది మంది పనివాళ్లున్న సంస్థలకే కాబట్టి ఈ తేడా వాడి ముసలితనాన్నీ ఆసుపత్రి ఖర్చునీ నిర్ణయిస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. కొత్తవాడు అడగాల్సిన మొదటి కాగితం అదే. పని మీద ఉండగా గాయపడినా ప్రాణం పోయినా జీతగాడైన డ్రైవరుకు యజమాని పరిహారం చెల్లించాల్సిన బాధ్యత 1923 నాటి చట్టం నుంచీ ఉంది, బండికి తప్పనిసరిగా తీసుకునే థర్డ్ పార్టీ పాలసీ ఆ బాధ్యతను కవర్ చేస్తుంది. ఈ సంగతి తెలియక దినకర్మల ఖర్చుకి ఇచ్చిన డబ్బుతో సరిపెట్టుకున్న కుటుంబాలు ఎన్ని ఉంటాయో.

జీతం లెక్కకు వద్దాం. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో పది నగరాల్లో పన్నెండు వందల మందికి పైగా లారీ డ్రైవర్లతో మాట్లాడి ఒక నివేదిక వెలువరించింది. ఆ పదింటిలో ఢిల్లీ పరిసరాలూ ఉన్నాయి, విజయవాడా ఉంది. సగానికి పైగా డ్రైవర్ల నెల సంపాదన పదివేలకీ ఇరవై వేలకీ మధ్య. రోజుకు సగటున పన్నెండు గంటల దాకా బండి మీదే. నిద్ర ముంచుకొస్తున్నా నడిపామన్నవాళ్లు దాదాపు సగం. దారిలో మామూళ్లు ఇచ్చామన్నవాళ్లు పది మందిలో ఎనిమిది మంది. ఇంట్లోవాళ్లను ఈ పనిలోకి రమ్మని చెప్పబోమన్నవాళ్లు ఎనభై శాతం పైమాటే. కొరతకు కారణం వెతికేవాళ్లు ఈ ఆఖరి అంకె దగ్గర ఆగి చూడాలి. కొత్త డ్రైవర్లను తెచ్చే దారి ఎప్పుడూ చుట్టరికమే. తండ్రి, బావ, ఊరివాడు వద్దంటే ఇక పిలిచేవాడు లేడు.

జీతం చుట్టూ ఉండే కోతలే కొత్తవాణ్ని ఎక్కువ దెబ్బతీస్తాయి. బత్తా ముందే ఇస్తారు, దారి ఖర్చులు అందులోంచే పెట్టుకోవాలి. లీటరుకి ఇన్ని కిలోమీటర్లు రావాలని డీజిల్ యావరేజ్ కట్టేస్తారు. మిగిల్చినవాడికి లాభం, తగ్గినవాడికి జీతంలో కోత. గేరు ఎప్పుడు మార్చాలో ఇంకా ఒంటబట్టని మనిషి మొదటి నెలల్లో ఇక్కడ నష్టపోవడం ఖాయం. సరుకు తగ్గినా తడిసినా షార్టేజీ కింద రాస్తారు, ఎక్కించేటప్పుడు లెక్క పెట్టుకోమని వాడికి చెప్పినవాళ్లు ఉండరు. లోడింగ్ దగ్గర రెండు మూడు రోజులు ఆపితే హాల్టింగ్ డబ్బు యజమానికి వస్తుందో రాదో గానీ, డ్రైవరుకు ఆ రోజులు చాలాచోట్ల ఖాళీ రోజులే. నేర్చుకునే కాలానికి ఫీజు కడుతున్నది ఎవరన్నది ఇక్కడ తేలిపోతుంది. కొత్తవాడే, తన జీతంలోంచి.

వేరే దారి సాధ్యమేనని చూపిన ప్రయత్నాలు లేకపోలేదు. గురుగ్రామ్‌లో 2014లో మొదలైన రివిగో డ్రైవర్లను పైలట్లు అని పిలిచింది. కొన్ని గంటల దూరానికో పిట్‌స్టాప్ పెట్టి, అక్కడ బండిని మరో డ్రైవరుకు అప్పగించి మొదటివాడు ఎదురొచ్చే బండిలో తన ఊరికి తిరిగొచ్చే పద్ధతి పెట్టింది. సరుకు ఆగదు, మనిషి ఇంట్లో పడుకుంటాడు. 2022లో ఆ సంస్థ ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ కొనుక్కుంది. వ్యాపారం చేతులు మారినా ఆ ఆలోచన విలువ పోలేదు. తెలిసిన ఒకే దారి ముక్కలో అటూ ఇటూ తిరిగే పని కొత్త డ్రైవరుకు ఎంత మేలో ఆ పద్ధతి చూపించింది.

నల్లగొండ జిల్లా నుంచి ఢిల్లీ వెళ్లిన వి. సరిత సంగతి ఇక్కడే చెప్పాలి. సొంత ప్రాంతంలో ఆటో నడిపిన గిరిజన యువతి ఆమె. ఢిల్లీలో ఆజాద్ ఫౌండేషన్ తోడ్పాటుతో కారు డ్రైవరై, హెవీ లైసెన్సు సంపాదించి, 2015 ఏప్రిల్‌లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరారు. పదేళ్లు నడిపాక 2025లో సొంత రాష్ట్రానికి వచ్చి తెలంగాణ ఆర్టీసీలోనూ తొలి మహిళా డ్రైవరయ్యారు. ఆమె పట్టుదలను తక్కువ చేయను. కానీ మెట్టు మెట్టుకీ ఒక సంస్థ నిలబడి ఉందన్నది కూడా చూడాలి. నేర్పినవాళ్లున్నారు, వేళలూ జీతమూ ఉన్న ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వ సంస్థ ఉంది. సరుకు లారీల ప్రపంచంలో ఇవేవీ లేవు కాబట్టే అక్కడ ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. రాత్రి పూట ఆగడానికి శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోట వాళ్లను రమ్మనడం ఎలా? చమురు కంపెనీలు పెట్రోలు బంకుల దగ్గర పెడుతున్న ‘అప్నా ఘర్’ విశ్రాంతి గదులు పెరిగితే ఆడా మగా అందరికీ మేలే.

పని గంటల చట్టం మన దగ్గర 1961 నుంచే ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అంది. దూర ప్రయాణాలకు పది, యాభై నాలుగు దాకా వెసులుబాటిచ్చింది. ఇప్పుడది కార్మిక కోడ్‌లో కలిసింది. యూరప్‌లో రోజుకు తొమ్మిది గంటలు, నాలుగున్నర గంటలకోసారి ముప్పావు గంట విరామం. దాన్ని బండిలోని టాకోగ్రాఫ్ నమోదు చేస్తుంది. అమెరికాలో పదకొండు గంటలు, అదీ యంత్రం లెక్క పెడుతుంది. మన చట్టంలో గంటలున్నాయి, వాటిని కొలిచే యంత్రం లేదు. కొలిచేది మరొకటి ఉంది. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు 2021 నుంచి రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున గడువిస్తుంది. 200 ఎక్కువేమీ కాదు. కానీ లోడింగ్ దగ్గర రెండు రోజులు, సరిహద్దు దగ్గర ఒక పగలు పోయాక మిగిలిన గడువులో గమ్యం చేరమన్నప్పుడు కొత్తవాడు నిద్ర మానుకుంటాడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మే నెల ఆగ్రా రోడ్డు మీద నడిపినవాడికి అది చిన్న విషయం కాదు. కళ్ల సంగతి ఇంకా పట్టించుకోవాలి. ఐఐటీ ఢిల్లీలోని పరిశోధకుల సర్వేలో సగానికి పైగా లారీ డ్రైవర్లకు చూపు లోపం బయటపడింది. ఉద్యోగంలో చేర్చుకునే రోజున కళ్లద్దాలు చేయించి ఇవ్వడానికి ఏ కంపెనీకైనా ఎంతవుతుంది?

కొత్తవాడికి అన్నిటికన్నా పెద్ద భయం ప్రమాదం. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. భారతీయ న్యాయ సంహితలో 106(2) కింద ప్రాణం తీసి చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష అని రాసినప్పుడు 2024 జనవరి మొదటి రోజుల్లో లారీలు ఆగిపోయాయి. హోం శాఖ ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్‌తో మాట్లాడింది. జూలై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఆ సెక్షన్‌ను పక్కన పెట్టారు. ఆగితే జనం చంపుతారు, ఆగకపోతే జైలు అన్నది డ్రైవర్ల బాధ. పడిపోయినవాడి కుటుంబం వైపు నుంచి చూస్తే ఆగకుండా పోయిన బండిని క్షమించలేం. ఈ రెంటి మధ్యా 1988 చట్టంలోని 134వ సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలనీ, 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలనీ అంటూనే, మూక దాడి భయం ఉన్న పరిస్థితిని మినహాయించింది. అంటే బండి దిగలేకపోయినా ఫోన్ చేయాలి, దగ్గరి ఠాణాకు పోవాలి. దీన్ని శిక్షణలో పదిసార్లు చెప్పించి, అత్యవసర నంబరు 112కి ఏం చెప్పాలో పలికించి మరీ పంపాలి. ఓవర్‌లోడ్ సంగతీ అంతే. 2019 సవరణ ప్రకారం జరిమానా ఇరవై వేలు, పైన టన్నుకు రెండు వేలు. కాటా చీటీ చూడకుండా గేటు దాటకూడదని, కాదంటే బండి తీయనని చెప్పే ధైర్యం కొత్తవాడికి ఉండదు. ఆ ధైర్యం కంపెనీ లిఖితపూర్వకంగా ఇవ్వాలి.

ఏం చేయాలన్నది నాకు స్పష్టంగానే ఉంది. క్లీనర్ సీటుని శిక్షణ సీటుగా తిరిగి తేవాలి. హెవీ లైసెన్సు ఉన్న కొత్తవాడు ఏడాది పాటు జీతంతో సీనియర్ పక్కన కూర్చోవాలి. మొదట ఖాళీ బండి, తర్వాత పగటి లోడు, తర్వాత రాత్రి. పొగమంచు రోజుల్లో పక్క సీట్లోనే. ప్రతి నెలా సీనియర్ సంతకం పెట్టిన లాగ్‌బుక్ ఉండాలి, దాన్ని బీమా కంపెనీలూ తర్వాత చేర్చుకునే కంపెనీలూ అనుభవంగా ఒప్పుకోవాలి. నేర్పినందుకు సీనియర్‌కు నెలకింత అని అదనం ఇవ్వాలి. లేకపోతే పాత ఉస్తాదుకి లాగే నేర్పడం వాడి దయ మీద ఆధారపడుతుంది. అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నుంచి ఉంది, 2016 నుంచి అప్రెంటిస్ స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరించే పథకమూ ఉంది. ఫ్యాక్టరీల్లో ఫిట్టరుకీ టర్నరుకీ పనికొచ్చినది లారీ క్యాబిన్‌కి పనికిరాకపోదు.

మిగతా ఖర్చు చిన్న యజమాని మీద పడేస్తే మళ్లీ మొదటికొస్తుంది. సరుకు పంపే కంపెనీలు కిరాయి ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా రాస్తున్నాయి, ఏ గంటకి ఏ గేటు దగ్గర ఉండాలో రాస్తున్నాయి. రెండో సీటుకి కిలోమీటరుకు ఇంత అని ఒక వరుస అక్కడే చేరాలి. ముందు అడుగు వేయగలిగింది ప్రభుత్వ రంగమే. భారత ఆహార సంస్థ ధాన్యం, చమురు సంస్థల ట్యాంకర్లు, ఎరువుల రవాణా అన్నీ టెండర్ల మీదే నడుస్తాయి. టెండరు పత్రంలో శిక్షణ సీటు షరతు, దాని ధర చేర్చడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ఈసారి టెండరు పిలిచే ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారి తలచుకుంటే చాలు.